అమెరికాలో మాట్లాడినందుకు జైలుకు పంపిన చట్టాలు నిజంగా ఉండేవా? డిబేట్ కోసం సాయం కావాలి

పర్లాకిమిడి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బరంపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను, పొలిటికల్ సైన్స్. వచ్చే నెల కాలేజీలో డిబేట్ ఉంది, ప్రభుత్వాన్ని విమర్శించడాన్ని నేరంగా చూసే చట్టాలు ప్రజాస్వామ్యంలో ఉండొచ్చా లేదా అన్నది విషయం. నేను ఉండకూడదనే పక్షం.

నా వాదనంతా అమెరికా మీద కట్టుకున్నాను. వాక్‌స్వాతంత్ర్యాన్ని, పత్రికా స్వేచ్ఛను తగ్గించే చట్టమేదీ కాంగ్రెస్ చేయకూడదని వాళ్ళ మొదటి సవరణలో 1791లోనే రాసుకున్నారు కదా, అందుకని అక్కడ మాటకు జైలు లేదు, అయినా దేశం ముక్కలైపోలేదు, మరి మనకెందుకు ఈ చట్టాలు అని. ప్రాక్టీసులో ఇదే చెప్తే అవతలి పక్షం అబ్బాయి, ఛత్రపురం వాడు, లేచి "అమెరికాలో ఇలాంటి చట్టాలు ఒకటికి మూడుసార్లు తెచ్చారు, అధ్యక్ష పదవికి పోటీ చేసే నాయకుణ్ణే పదేళ్ళ శిక్ష వేసి లోపల పెట్టారు" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

వెతికితే ఇంగ్లీషులో అంతా కోర్టు భాష, ఒడియాలో దొరికింది చాలా తక్కువ. ఇంట్లో అమ్మతో తెలుగులో చెప్పుకుంటేనే నాకు ఏదైనా బుర్రలోకి ఎక్కుతుంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఆ చట్టాలు నిజమేనా? నిజమైతే మొదటి సవరణ ఉండి ఏం లాభం? నా వాదన మొత్తం పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

బరంపురం మాస్టారు:

అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది నిజమే. కానీ అది నిజమైనందువల్ల నీ పక్షం బలహీనపడదు, సరిగ్గా వాడుకుంటే ఇంకా గట్టిపడుతుంది. నేను రిటైరయ్యే దాకా చరిత్ర చెప్పినవాణ్ణి, మొదటి చట్టం సంగతి నేను రాస్తాను. ఇరవయ్యో శతాబ్దం సంగతి మన రాయగడ లాయరుగారు వస్తే ఆయన చెప్తేనే బాగుంటుంది.

మొదటి సవరణ అమల్లోకి వచ్చింది 1791 డిసెంబరులో. ఏడేళ్ళు తిరక్కముందే, 1798 జూలై 14న, రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సెడిషన్ చట్టం, అంటే రాజద్రోహ చట్టం మీద సంతకం పెట్టాడు. అప్పట్లో ఫ్రాన్సుతో సముద్రం మీద గొడవలు జరుగుతున్నాయి, రేపో మాపో పూర్తి యుద్ధం వస్తుందని దేశమంతా భయం. అధికారంలో ఫెడరలిస్టులు, ఎదురుగా జెఫర్సన్ వర్గం రిపబ్లికన్లు. ప్రభుత్వం మీద, కాంగ్రెస్ మీద, అధ్యక్షుడి మీద దురుద్దేశంతో అబద్ధపు నిందలు రాస్తే రెండేళ్ళ దాకా జైలు, రెండు వేల డాలర్ల దాకా జరిమానా.

ఇప్పుడు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకో. ఆ చట్టంలో అధ్యక్షుడి పేరుంది, కాంగ్రెస్ పేరుంది, ఉపాధ్యక్షుడి ఊసు లేదు. ఎందుకంటే ఉపాధ్యక్షుడు ప్రతిపక్ష నాయకుడు జెఫర్సనే, ఆయన్ని ఎవరేం తిట్టినా నేరం కాదు! పైగా చట్టం గడువు 1801 మార్చి 3తో తీరిపోతుందని అందులోనే రాసుకున్నారు. కొత్త అధ్యక్షుడు పదవి చేపట్టేది మార్చి 4న. తమ హయాం ఉన్నంత కాలం తమను అనకూడదు, ఓడిపోతే ఆ చట్టం అవతలివాళ్ళ చేతికి చిక్కకూడదు అన్నమాట. దేశ రక్షణ కోసమే తెచ్చిన చట్టమైతే ఆ తేదీ ఎందుకు పెట్టుకుంటారు? డిబేట్‌లో ఈ ఒక్క ప్రశ్న అడుగు, చాలు.

శిక్షలు ఎవరికి పడ్డాయో చూడు. మాథ్యూ లైయన్ అని వెర్మాంట్ నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు, ఐర్లండులో పుట్టి వలస వచ్చినవాడు, అధ్యక్షుడికి ఆడంబరం మీద యావ అనీ, పొగడ్తలకు లొంగుతాడనీ ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా. డేవిడ్ బ్రౌన్ అని ఊరూరా తిరిగి ప్రభుత్వానికి వ్యతిరేకంగా మాట్లాడే ఒక సామాన్యుడు మసాచుసెట్స్‌లో స్వేచ్ఛా స్తంభం, అంటే నిరసన గుర్తుగా నిలబెట్టే పొడవాటి కర్ర, నాటించి దాని మీద నిరసన మాటలు రాయించాడని పద్దెనిమిది నెలలు వేశారు, ఈ చట్టం కింద పడిన జైలుశిక్షల్లో అదే పెద్దది. ఇంకొకాయన లూథర్ బాల్డ్విన్, న్యూజెర్సీలో నూవర్క్ ఊళ్ళో అధ్యక్షుడు వెళ్తుంటే గౌరవంగా ఫిరంగులు పేలుస్తున్నారు, తాగిన మైకంలో ఉన్న ఈయన ఆ గుండు వెళ్ళి అధ్యక్షుడి వెనక భాగంలో తగిలినా నాకేం అన్నాడు. దానికి కేసు, జరిమానా. ఈ ముగ్గురి వల్ల ఆ దేశానికి ఏ ప్రమాదం వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నిజమని నిరూపించుకుంటే వదిలేస్తాం అన్న వెసులుబాటు కూడా ఆ చట్టంలో ఉంది, ఇంగ్లండు చట్టంతో పోలిస్తే అది మెరుగేనని దాన్ని సమర్థించేవాళ్ళు చెప్తారు. నీ అవతలి పక్షం కూడా ఈ మాట ఎత్తొచ్చు. కానీ "అధ్యక్షుడికి ఆడంబరం ఎక్కువ" అన్నది అభిప్రాయం, దాన్ని సాక్షుల్ని పెట్టి ఎలా నిరూపిస్తారు? నిరూపించాల్సిన బరువు మాట్లాడినవాడి మీద పెట్టాక ఆ వెసులుబాటుతో ఒరిగేది ఏమీ లేదు.

మరి కోర్టులు ఏం చేశాయి అంటావా, ఏమీ చేయలేదు. సుప్రీంకోర్టు ముందుకు ఆ చట్టం వెళ్ళనే లేదు, పైగా సుప్రీంకోర్టు జడ్జీలే అప్పట్లో జిల్లాలు తిరిగి ఈ కేసులు విని శిక్షలు వేశారు. దాన్ని ఆపింది ఓటర్లు. లైయన్ జైల్లో ఉండగానే వెర్మాంట్ జనం మళ్ళీ ఎన్నుకున్నారు. 1800 ఎన్నికల్లో ఆడమ్స్ ఓడిపోయాడు. జెఫర్సన్‌కు, ఆయన పార్టీవాడే అయిన బర్‌కు ఓట్లు సమానంగా వచ్చి తీర్పు ప్రతినిధుల సభకు వెళ్ళినప్పుడు, ముప్ఫై ఆరో విడతలో వెర్మాంట్ తరఫున జెఫర్సన్‌కు ఓటేసింది ఈ లైయనే. జెఫర్సన్ వచ్చాక శిక్షపడినవాళ్ళకు క్షమాభిక్ష ఇచ్చాడు. 1840లో కాంగ్రెస్ లైయన్ వారసులకు ఆ జరిమానా డబ్బు వడ్డీతో సహా తిరిగి చెల్లించింది.

అలాగని జెఫర్సన్ వర్గాన్ని మరీ ఆకాశానికి ఎత్తకు. వాళ్ళు అధికారంలోకి వచ్చాక న్యూయార్క్‌లో హ్యారీ క్రాస్వెల్ అనే ఫెడరలిస్టు సంపాదకుడి మీద, జెఫర్సన్‌ను నిందించాడని, రాష్ట్ర చట్టం కింద కేసు పెట్టారు. ఈసారి పత్రికా స్వేచ్ఛ తరఫున వాదించింది ఫెడరలిస్టు నాయకుడు హామిల్టన్.

రాయగడ లాయర్:

మాస్టారూ నమస్కారం. అమ్మాయిగారూ, "మొదటి సవరణ ఉండి ఏం లాభం" అన్నారే, ముందు దానికి చెప్తాను. ఆ సవరణ మొదలయ్యేదే "కాంగ్రెస్" అన్న మాటతో. అంటే కేంద్రానికి కట్టు, రాష్ట్రాలకు కాదు. మాస్టారు చెప్పిన క్రాస్వెల్ కేసు న్యూయార్క్ రాష్ట్రం పెట్టగలిగింది అందుకే. బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రాలు దానికి వ్యతిరేకంగా రాయడాన్నే నేరం చేశాయి. 1835లో చార్ల్స్‌టన్‌లో జనం పోస్టాఫీసులో పడి బానిసత్వ వ్యతిరేక పత్రికలను ఎత్తుకెళ్ళి తగలబెట్టారు. 1836 నుంచి 1844 దాకా ప్రతినిధుల సభ బానిసత్వం మీద వచ్చే అర్జీలను చర్చకే తీసుకోకుండా పక్కన పెట్టింది, దాని మీద ఏళ్ళ తరబడి పోరాడింది జాన్ క్విన్సీ ఆడమ్స్, సెడిషన్ చట్టం తెచ్చిన ఆడమ్స్ కొడుకే. వాక్‌స్వాతంత్ర్యం రాష్ట్రాలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు అన్నది 1925లో, గిట్లో అనే వామపక్షవాది కేసులో. అప్పుడు కూడా గిట్లో శిక్షను మాత్రం ఖాయం చేశారు.

ఇక మీ ఛత్రపురం అబ్బాయి చెప్పిన నాయకుడు యూజీన్ డెబ్స్. సోషలిస్టు, రైల్వే కార్మిక నాయకుడు. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగగానే 1917 జూన్‌లో గూఢచర్య చట్టం తెచ్చారు. పేరుకు గూఢచారుల కోసం, కానీ సైన్యంలో చేరికలకు అడ్డుపడటం, సైనికుల్లో అవిధేయత రేపడం కూడా ఇరవై ఏళ్ళ దాకా జైలు పడే నేరాలుగా చేర్చారు. 1918 మేలో దానికి సవరణ తెచ్చి ప్రభుత్వ విధానాన్ని, రాజ్యాంగాన్ని, సైన్యాన్ని, జెండాను, సైనికుల యూనిఫారాన్ని కించపరిచే మాటలన్నీ నేరమే అన్నారు. రెండు వేలకు పైగా కేసులు పెట్టారు. 1918 జూన్‌లో ఒహాయోలో కాంటన్ అనే ఊళ్ళో డెబ్స్ ప్రసంగించాడు, యుద్ధాలు ప్రకటించేది ఎప్పుడూ యజమానుల వర్గం, చచ్చేది ఎప్పుడూ కింది వర్గం అన్న అర్థంలో. ఎవరినీ కొట్టమనలేదు, ఏదీ తగలబెట్టమనలేదు. పదేళ్ళు వేశారు. 1920లో అట్లాంటా జైల్లో ఉండి అధ్యక్ష పదవికి పోటీ చేస్తే తొమ్మిది లక్షల మందికి పైగా ఓటేశారు. 1921 డిసెంబరులో అధ్యక్షుడు హార్డింగ్ శిక్ష తగ్గించి విడిచిపెట్టాడు.

అదే కాలంలో రాబర్ట్ గోల్డ్‌స్టీన్ అని ఒక సినిమా నిర్మాత ఉన్నాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటం మీద సినిమా తీసి అందులో బ్రిటిష్ సైనికుల దురాగతాలు చూపించాడు. బ్రిటన్ ఇప్పుడు మన మిత్రదేశం, వాళ్ళ మీద ద్వేషం పుట్టిస్తున్నావని పదేళ్ళ శిక్ష వేశారు, తర్వాత మూడేళ్ళకు తగ్గించారు. తమ స్వాతంత్ర్య పోరాటాన్ని తామే తెర మీద చూపించుకోవడం నేరమైపోయింది, ఈ కేసు చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

గుణుపురం గోపి:

లాయర్ గారూ, నాది వేరే మాట. చట్టమే వద్దంటే ఎలా? మనం రోజూ చూస్తున్నాం, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఎవడో వాట్సాప్‌లో పెడతాడు, జనం కర్రలు పట్టుకుని రోడ్డెక్కుతారు. 2018లో మహారాష్ట్రలో ధూళె జిల్లాలో ఇలాగే ఐదుగురిని కొట్టి చంపేశారు, పాపం సంచార జాతి వాళ్ళు. మా ఏజెన్సీ ఊళ్ళకు బట్టలూ గిన్నెలూ అమ్ముకోవడానికి వచ్చేవాళ్ళను చూస్తే ఆ భయం నాకు ఉంటుంది. థియేటర్లో నిప్పు అని అబద్ధంగా అరిచే హక్కు ఎవడికీ లేదు అని అమెరికా జడ్జే అన్నాడు కదా? దానికేమంటారు?

రాయగడ లాయర్:

గోపీ, నీ భయం న్యాయమైనదే. ఆ హంతకులకూ, జనాన్ని ఉసిగొల్పినవాడికీ శిక్ష పడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ థియేటర్ మాట ఏ కేసులో వచ్చిందో చూడు. 1919 మార్చిలో, షెంక్ కేసు. ఫిలడెల్ఫియాలో సోషలిస్టు పార్టీ వాళ్ళు బలవంతపు సైనిక భర్తీకి వ్యతిరేకంగా కరపత్రం వేసి సైన్యానికి పిలుపు వచ్చిన కుర్రాళ్ళకు పోస్టులో పంపారు. అందులో ఏముంది? బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో సవరణ వాక్యాలు అచ్చువేసి, బలవంతంగా సైన్యంలో చేర్చుకోవడం దానికి విరుద్ధం, ఈ చట్టం రద్దు చేయమని అర్జీ పెట్టండి అన్నారు. అంతే. అది అబద్ధమూ కాదు, అరుపూ కాదు, దాని వల్ల తొక్కిసలాటా లేదు. దానికి జస్టిస్ హోమ్స్ థియేటర్లో అరుపు ఉదాహరణ ఇచ్చి శిక్ష ఖాయం చేశాడు, వారం తిరిగేసరికి డెబ్స్ శిక్షనూ ఖాయం చేశాడు. నువ్వు చెప్పిన వాట్సాప్ పుకారుకు ఆ మాట సరిపోతుందేమో గాని, దాన్ని వాడింది మాత్రం ప్రభుత్వ విధానం తప్పని చెప్పినవాళ్ళ మీద. నా అభ్యంతరం అక్కడే. పుకారు పుట్టించేవాడిని చూపించి చట్టం తెస్తారు, తీరా చూస్తే కరపత్రం పంచేవాడు దొరుకుతాడు.

ఆ హోమ్సే అదే ఏడాది నవంబరులో మారాడు. ఏబ్రమ్స్ కేసులో, రష్యాకు అమెరికా సైన్యం పంపడాన్ని ఖండిస్తూ న్యూయార్క్‌లో మేడ మీంచి కరపత్రాలు విసిరిన వలస కార్మికులకు ఇరవై ఏళ్ళ దాకా శిక్షలు పడ్డాయి. వాళ్ళలో మాలీ స్టైమర్ అనే అమ్మాయి మన అమ్మాయిగారి క్లాసులో కూర్చునే వయసుది, ఆమెకు పదిహేనేళ్ళ జైలుశిక్ష వేశారు. మిగతా జడ్జీలు శిక్ష సరే అన్నారు, హోమ్స్, బ్రాండైస్ ఇద్దరే ఒప్పుకోలేదు. మనకు పరమ అసహ్యంగా తోచే అభిప్రాయాన్ని కూడా, వెంటనే అడ్డుకోకపోతే దేశానికి ముప్పు అన్నంత పరిస్థితి ఉంటే తప్ప, అణచడానికి వీల్లేదన్నది ఆయన రాసిన దాని సారాంశం. అప్పటికి హోమ్స్ వయసు 78. మధ్యలో ఆయనతో లెర్నెడ్ హ్యాండ్ అనే జడ్జి, చాఫీ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ వాదించారని చరిత్రకారులు రాశారు.

ఓడిపోయిన ఆ ఇద్దరి మాటే చివరికి చట్టమైంది, కానీ యాభై ఏళ్ళు పట్టింది. మధ్యలో 1940లో స్మిత్ చట్టం వచ్చింది, ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలని బోధించడమే నేరమంది. దాని కింద పడిన కమ్యూనిస్టు నాయకుల శిక్షలను 1951లో డెన్నిస్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది, 1957లో యేట్స్ కేసులో వెనక్కి తగ్గి ఊరికే సిద్ధాంతం బోధించడం వేరు, పనికి ఉసిగొల్పడం వేరు అంది. 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో తేల్చేసింది: తక్షణం చట్టవిరుద్ధమైన పని చేయించాలన్న ఉద్దేశంతో మాట్లాడి, అది జరిగే అవకాశం కూడా ఉంటేనే శిక్షించాలి. ఆ కేసు గెలిచినవాడు నల్లజాతివాళ్ళ మీద ద్వేషం నూరిపోసే కూ క్లక్స్ క్లాన్ అనే సంస్థ నాయకుడు, అతని మాటలు నాకు రోత. అయినా ఆ తీర్పు సరైనదేనంటాను. గోపీ, నీ వాట్సాప్ కేసు, కర్రలు పట్టుకున్న జనం ముందు వీళ్ళే దొంగలు పట్టుకోండి అనడం, ఆ కొలతలో కూడా నేరమే అవుతుంది.

పర్లాకిమిడి అమ్మాయి:

మాస్టారూ, లాయర్ గారూ, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి అమ్మకు చదివి వినిపించాను, ఆ ఉపాధ్యక్షుడి సంగతి వినగానే అమ్మ "అంటే దేశం కోసం కాదు, కుర్చీ కోసం" అంది. ఇంకో రెండు అడుగుతాను, విసుక్కోకండి. ఆ చట్టాలు అక్కడ ఇప్పుడు పూర్తిగా పోయాయా? అవతలివాళ్ళు మన దేశం సంగతి ఎత్తితే ఏం చెప్పాలి?

రాయగడ లాయర్:

1918 సవరణను మూడేళ్ళు తిరక్కముందే రద్దు చేశారు. 1917 గూఢచర్య చట్టం మాత్రం ఇప్పటికీ అమల్లో ఉంది, స్మిత్ చట్టం కూడా పుస్తకాల్లోంచి తీసేయలేదు, కోర్టులు దాని కోరలు పీకాయి అంతే. ఇది దాచకుండా మీరే ముందు చెప్పేయండి, అవతలివాళ్ళకు ఆ అవకాశం ఇవ్వకండి. 1798 చట్టం గురించి 1964లో న్యూయార్క్ టైమ్స్, సలివన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట అంది, దాన్ని కోర్టులో ఎవరూ కొట్టేయకపోయినా చరిత్ర కొట్టేసింది అన్న అర్థంలో. 2006లో మోంటానా గవర్నరు 1918 నాటి రాష్ట్ర చట్టం కింద శిక్షపడిన 78 మందికి, వాళ్ళు పోయిన ఎన్నో ఏళ్ళకు, క్షమాభిక్ష ఇచ్చాడు.

మన దేశం సంగతి. భారత శిక్షాస్మృతిలో రాజద్రోహం మీద ఉన్న 124ఎ సెక్షన్ బ్రిటిష్‌వాళ్ళు 1870లో పెట్టింది. దానితోనే 1908లో తిలక్‌ను బర్మాలోని మాండలే జైలుకు పంపారు, అదే ఏడాది బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని జైల్లో పెట్టారు. మనకు స్వాతంత్ర్యం వచ్చాక 1950లో రొమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు పత్రికల పక్షాన తీర్పిస్తే, మరుసటి ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి శాంతిభద్రతలు, నేరానికి పురికొల్పడం లాంటి కారణాలు చేర్చారు. వాళ్ళ మొదటి సవరణ స్వేచ్ఛ ఇవ్వడానికి, మనది దానికి హద్దులు పెట్టడానికి! అయితే ఆ హద్దులు సమంజసంగా ఉండాలన్న మాట కూడా అప్పుడే చేరింది, అది మీకు పనికొస్తుంది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో హింసకో అల్లర్లకో పురికొల్పితేనే రాజద్రోహం, ఊరికే విమర్శ కాదు అన్నారు. 2022 మేలో సుప్రీంకోర్టు 124ఎ ని పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక రాజద్రోహం అన్న పేరు పోయింది గాని, దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు ముప్పు తెచ్చే మాటల మీద 152 సెక్షన్ ఉంది. పేరు మారినంత మాత్రాన భయం పోయిందని నేను అనుకోను, అది నా అభిప్రాయం, మీరు రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టుకుని చదివి మీ అభిప్రాయం మీరు ఏర్పరచుకోండి.

బరంపురం మాస్టారు:

లాయరుగారి దానికి ఒక్కటి కలుపుతాను. మన పక్క శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణగారిని ఒక పాట రాసి పాడినందుకు తెల్లదొరలు జైలుకు పంపారు. మీ అమ్మగారికి ఆ పాట వచ్చే ఉంటుంది, అడుగు. డిబేట్‌లో అమెరికా పేర్లన్నీ ఏకరువు పెడితే జనం వినరు, మధ్యలో ఆయన పేరు చెప్తే హాలంతా నీ వైపు తిరుగుతుంది.

ఇక నీ వాదన ఎలా నిలబెట్టాలంటే, "అమెరికాలో ఇలాంటి చట్టం లేదు" అన్న వాక్యం తీసెయ్యి. "అమెరికా మూడుసార్లు తెచ్చింది, ఒకదానికి వడ్డీతో జరిమానా తిరిగిచ్చింది, ఒకదాన్ని మూడేళ్ళ లోపే రద్దు చేసుకుంది, ఒకదాన్ని వాళ్ళ కోర్టే పనికిరాకుండా చేసింది, మరి అవి అంత అవసరమైనవే అయితే ఈ మూడూ ఎందుకు జరిగాయి" అని మొదలుపెట్టు. ఛత్రపురం అబ్బాయి తెచ్చిన ఉదాహరణతోనే అతనికి జవాబు చెప్పినట్టు అవుతుంది. టైము ఎంత ఇచ్చారు? ఐదు నిమిషాలైతే డెబ్స్‌నూ లైయన్‌నూ మాత్రం ఉంచి మిగతావన్నీ ప్రశ్నల సమయానికి దాచుకో.

పర్లాకిమిడి అమ్మాయి:

నాలుగు నిమిషాలే మాస్టారూ. డెబ్స్, లైయన్, గరిమెళ్ళ, ఈ ముగ్గురినీ పెట్టుకుంటాను. ఒడియాలో మాట్లాడాలి కాబట్టి రేపటికల్లా రాసి ఇక్కడ సారాంశం పెడతాను, లాయర్ గారు ఒకసారి చూసి సెక్షన్ల సంగతి సరిగ్గా ఉందో లేదో చెప్పండి.